సిట్రస్ సారం క్యాప్సూల్స్‌తో బరువు తగ్గుతారా? బీపీ మాత్ర వేసుకునేవాళ్లు వాడొచ్చా?

కర్నూలు నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది. వయసు 34, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 78 కిలోలు. రెండో కాన్పు తర్వాత బీపీ మొదలైంది, రోజూ ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటున్నారు. వాళ్ల ఆడపడుచు "సిట్రస్ ఎక్స్‌ట్రాక్ట్" అని రాసున్న క్యాప్సూల్స్ మూడు నెలలు వాడి 6 కిలోలు తగ్గిందట. కోర్సు 4,500 రూపాయలు. "పండ్లలోంచి తీసిందే కదా, నేనూ వాడొచ్చా? అంత డబ్బు పెట్టలేకపోతే చీనీకాయ (బత్తాయి) తొక్కలు ఎండబెట్టి కషాయం కాచుకుంటే అదే పని చేస్తుందా?" అని అడిగారు.

నేను అనంతపురంలో 19 ఏళ్లుగా డైటీషియన్‌గా పనిచేస్తున్నా. పుట్టి పెరిగింది నార్పల దగ్గర పల్లెలో, చీనీ తోటలోనే. అందుకే ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు రెండు వైపుల నుంచీ పట్టింపు ఉంటుంది. బరువు తగ్గాలని ఆశపడి వచ్చేవాళ్ల డబ్బు, ఆరోగ్యం ఒకవైపు. మా ఊరి పండు పేరు చెప్పి జనానికి ఏమేమో అమ్ముతున్నారనే బాధ ఇంకోవైపు.

ముందు జవాబు: కొనొద్దు. బీపీ మాత్ర మీద ఉన్నారు కాబట్టి, ఆ డబ్బాలో ఏముందో తెలియకుండా ఒక్క క్యాప్సూల్ కూడా నోట్లో వేసుకోవద్దు. తొక్కల కషాయమూ వద్దు. చీనీకాయలు మాత్రం హాయిగా తినండి. రసం తీసుకోకుండా, తొనల మీదుండే తెల్లపొరతో సహా తినండి. బీపీ మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు. ఇంతవరకు చదివి ఆపేసినా ఫరవాలేదు. ఎందుకు అంటున్నానో తెలుసుకోవాలంటే మిగతాదీ చదవండి.

"సిట్రస్" అంటే మందు పేరు కాదు, ఒక కుటుంబం పేరు. చీనీ, కమలా, నిమ్మ, దబ్బ, పంపరపనస, చేదు నారింజ అన్నీ అందులోవే. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన అందరి గుణం ఒకటి కాదు కదా. డబ్బా మీద చీనీకాయ బొమ్మ వేసి, లోపల చేదు నారింజ సారం పెట్టినా అది "సిట్రస్ ఎక్స్‌ట్రాక్టే". నా దగ్గరికి వచ్చినవాళ్ల డబ్బాలు తిప్పి చూస్తే నాకు ఎక్కువగా కనబడేవి మూడు రకాలు. ఒక్కోదాని పని వేరు, ప్రమాదమూ వేరు.

మొదటిది, మీకు అస్సలు పనికిరానిది: చేదు నారింజ. లేబుల్ మీద "బిట్టర్ ఆరెంజ్" అనో, "సిట్రస్ ఆరాంషియం" అనో, "సినెఫ్రిన్" అనో రాసి ఉంటుంది. ఈ సినెఫ్రిన్ అడ్రినలిన్‌కు దగ్గరి చుట్టం. ఉన్నట్టుండి భయమేస్తే గుండె దడదడలాడుతుందే, అది చేయించేది అడ్రినలినే.

ఇది బరువు తగ్గే డబ్బాల్లోకి ఎట్లా వచ్చిందో తెలిస్తే సగం విషయం అర్థమైపోతుంది. ఇంతకుముందు అమెరికాలో ఎఫెడ్రా అనే మొక్క సారంతో బరువు తగ్గే మాత్రలు విపరీతంగా అమ్ముడయ్యేవి. గుండెపోట్లు, పక్షవాతాలు, చావులు బయటపడ్డాక 2004లో అక్కడి ప్రభుత్వం ఎఫెడ్రా సప్లిమెంట్లను నిషేధించింది. కంపెనీలు ఊరుకుంటాయా? "ఎఫెడ్రా లేనిది" అని కొత్త లేబుల్ అంటించి, దానికి దగ్గరి రూపమున్న సినెఫ్రిన్ కోసం చేదు నారింజను పట్టుకున్నాయి. అంటే దీన్ని ఎంచుకున్నది పండు మంచిదని కాదు, నిషేధమైన మందును పోలి ఉందని. సినెఫ్రిన్ ఎఫెడ్రాలో ఉండే ఎఫెడ్రిన్ అంత ఘాటైనది కాదు, ఆ మాట కూడా చెప్పాలి. కానీ చాలా డబ్బాల్లో అది ఒంటరిగా ఉండదు. పక్కన కెఫీన్ ఉంటుంది, లేదా గ్వారానా ఉంటుంది. గ్వారానా గింజలో ఉండేదీ కెఫీనే. రెండూ కలిస్తే గుండె మీద దెబ్బ ఎక్కువ.

మరి కొవ్వు కరుగుతుందా? 2011లో అచ్చయిన ఒక చిన్న ప్రయోగంలో 50 మిల్లీగ్రాముల సినెఫ్రిన్ ఇస్తే, ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లో అదనంగా ఖర్చయింది 65 కేలరీలు. ఒక చిన్న పుల్కా అంత. అదైనా రోజూ జరిగి బరువు దిగిందా అంటే, 2022లో వచ్చిన ఒక విశ్లేషణలో అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూశారు. బరువులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కొన్ని వారాలపాటు వాడినవాళ్లలో పై బీపీ సగటున 6 మిల్లీమీటర్లు, కింది బీపీ 4 మిల్లీమీటర్లు పెరిగింది.

ఈ 6 అనే అంకెను మీ కోసం ఇంకోలా చెప్తా. బరువు ఒక కిలో తగ్గితే పై బీపీ సుమారు 1 మిల్లీమీటరు దిగుతుందని లెక్క. అంటే మీరు కష్టపడి 6 కిలోలు తగ్గితే వచ్చే లాభాన్ని ఈ క్యాప్సూల్ ఒక్కటే తుడిచేయగలదు. ఆమ్లోడిపిన్ రక్తనాళాలను వదులు చేస్తుంటే, ఇది బిగిస్తుంటుంది. ఒకే ఎద్దుబండికి ముందొక జత, వెనకొక జత కట్టినట్టు.

గుత్తి వైపు నుంచి ఒక స్కూలు టీచరు వచ్చారు, నలభై దాటిన మనిషి. అంతకుముందు బీపీ లేదు. జిమ్‌లో ఎవరో ఇచ్చిన "ఫ్యాట్ బర్నర్" రోజుకు రెండు వేసుకుంటూ, స్కూల్లో మూడు కాఫీలు తాగేవారు. మూడో వారంలో క్లాసులో పాఠం చెబుతుంటే గుండె గొంతులో కొట్టుకున్నట్టయి కూర్చుండిపోయారట. బీపీ 170/110. డాక్టరుగారు ఈసీజీ తీయించి, నా దగ్గరికి పంపారు. డబ్బా చూస్తే చేదు నారింజ, గ్వారానా, గ్రీన్ టీ, మిరియాల సారం అన్నీ కలిపి ఒకే లెక్కగా రాసి ఉంది. ఏది ఎంతో లేదు. ఆపేసిన పది రోజుల్లో బీపీ 130ల్లోకి వచ్చింది. "పండే కదా మేడం అనుకున్నా" అన్నారాయన. మీరు అడిగిన మాటే అది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

రెండోది, మందులతో పేచీ పెట్టేది: గ్రేప్‌ఫ్రూట్. పేరు చూసి ద్రాక్ష అనుకునేవాళ్లున్నారు. ద్రాక్షకూ దీనికీ సంబంధం లేదు. పంపరపనసకు చుట్టం, మన సంతల్లో దొరకదు. దీన్ని తింటే లావు తగ్గుతారని అమెరికాలో దశాబ్దాల నాటి నమ్మకం. 2006లో అక్కడి స్థూలకాయులకు 12 వారాలు భోజనానికి ముందు సగం పండు ఇస్తే సగటున 1.6 కిలోలు తగ్గారు. ఉత్తుత్తి మాత్ర (పోల్చి చూడటానికి ఇచ్చే, మందు లేని మాత్ర) వేసుకున్నవాళ్లు 0.3 కిలో తగ్గారు. ఇది చూసి సంబరపడేలోపు 2011లో ఇంకొకటి వచ్చింది. తిండి తగ్గించిన స్థూలకాయులను మూడు గుంపులు చేసి, భోజనానికి ముందు ఒకరికి పండు, ఒకరికి రసం, ఒకరికి ఉత్త మంచినీళ్లు ఇచ్చారు. 12 వారాలకు అందరూ 7 శాతం దాకా తగ్గారు. మంచినీళ్లు తాగినవాళ్లూ అంతే తగ్గారు. ఈ ఒక్క విషయం నేను నా దగ్గరికి వచ్చే ప్రతి మనిషికీ చెప్తా.

పేచీ ఏంటంటే, గ్రేప్‌ఫ్రూట్‌లో, చేదు నారింజలో, పంపరపనసలో ఫ్యూరనోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి. మనం మింగిన చాలా మందులను పేగు గోడలోనే కొంత విరిచేసే ఒక ఎంజైము ఉంటుంది. ఈ పదార్థాలు దాన్ని పని చేయనీయవు. దాంతో 5 మిల్లీగ్రాములు మింగితే అంతకంటే ఎక్కువ మింగినట్టు మందు రక్తంలోకి పోతుంది. ఇది బయటపడిందే అనుకోకుండా. 1989 ప్రాంతంలో కెనడాలో డేవిడ్ బెయిలీ బృందం ఫెలోడిపిన్ అనే బీపీ మందు మీద మద్యం ప్రభావం చూస్తూ, మద్యం రుచి తెలియకుండా గ్రేప్‌ఫ్రూట్ రసంలో కలిపి ఇచ్చింది. చూస్తే మందు రక్తంలో మామూలుకంటే ఎన్నో రెట్లు కనబడింది. కారణం మద్యం కాదు, రసం.

మీ ఆమ్లోడిపిన్‌కు ఈ ఇబ్బంది కొంచెమే, ఫెలోడిపిన్, నిఫెడిపిన్‌ల అంత ఉండదు. కానీ మీ ఇంట్లో పెద్దవాళ్లు కొలెస్టరాల్‌కు అటార్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్ వేసుకుంటుంటేనో, ఎవరికైనా కిడ్నీ మార్పిడి జరిగి టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ వాడుతుంటేనో ఈ క్యాప్సూల్స్ వాళ్ల చేతికి పోనివ్వకండి. "మాత్ర పొద్దున, క్యాప్సూల్ సాయంత్రం వేసుకుంటాలే" అన్నా కుదరదు. ఆ ఎంజైము మళ్లీ తయారవడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది.

ఇక్కడ ఒక భయం తీర్చాలి. ఇది చదివి చీనీకాయలు మానేస్తారేమో. మన చీనీలో, సాత్‌గుడి రకంలో, ఈ బెడద లేదు. మామూలు తీపి నారింజ జాతుల్లో ఆ పదార్థాలు లెక్కలోకి రానంత తక్కువ. బీపీ మాత్ర వేసుకుని చీనీకాయ తినొచ్చు. కిడ్నీ దెబ్బతిని పొటాషియం తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్లు మాత్రం అడిగి తినాలి.

మూడోది, మెత్తనిది: సిట్రస్ పండ్లలో సహజంగా ఉండే ఫ్లేవనాయిడ్లు అనే పదార్థాలు. లేబుల్ మీద "సిట్రస్ బయోఫ్లేవనాయిడ్స్", "హెస్పెరిడిన్", "నారింజిన్" అని ఉంటాయి. నారింజిన్ అనే ఆ పేరు మన నారింజ అనే మాట పుట్టిన మూలంలోంచే పుట్టింది. గ్రేప్‌ఫ్రూట్ చేదు దానివల్లే. హెస్పెరిడిన్ చీనీలో దండిగా ఉంటుంది, ముఖ్యంగా ఆ తెల్లపొరలో. ఇవి గుండెను పరిగెత్తించవు. మొలలకు, కాళ్ల సిరల ఉబ్బుకు డాక్టర్లు రాసే డయాస్మిన్ మాత్రల్లో హెస్పెరిడిన్ ఎన్నో ఏళ్లుగా ఉంది.

బరువు సంగతికొస్తే, గాజు గిన్నెలో కొవ్వు కణాల మీద పోస్తే ఇవి కొవ్వును విడగొడతాయి. కమలా తొక్కలో ఉండే నోబిలెటిన్ అనేది ఎలుకలకు పెడితే కొవ్వు తిండి తిన్నా లావెక్కలేదు. నిజమే. కానీ ఎలుకకు దాని బరువు లెక్కన పెట్టిన మోతాదు మనిషికి క్యాప్సూల్‌లో పట్టదు. పైగా హెస్పెరిడిన్ మన పేగుల్లో అట్లాగే ఒంటికి పట్టదు. పెద్దపేగులోని సూక్ష్మజీవులు దానికి అంటుకున్న చక్కెర భాగాన్ని విడగొట్టాలి, అప్పుడే లోపలికి పోతుంది. ఆ సూక్ష్మజీవులు ఒక్కో మనిషిలో ఒక్కో తీరుగా ఉంటాయి. ఒకే క్యాప్సూల్ ఇద్దరు వేసుకుంటే ఒకరికి అంది, ఇంకొకరికి అందకపోవడానికి అదొక కారణం.

మనుషుల మీద జరిగినవాటిలో కాస్త పెద్దది బ్లడ్ ఆరెంజ్ సారం మీద జరిగింది. ఇటలీలో సిసిలీ దీవిలో, ఎట్నా అగ్నిపర్వతం చుట్టూ పండే మోరో అనే ఎర్ర నారింజ అది. ఆరు నెలల ప్రయోగంలో సారం తీసుకున్నవాళ్లు 4 శాతం పైన, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లు 2 శాతం పైన తగ్గారు. తేడా సుమారు 2 శాతం. మీ 78 కిలోలకు లెక్కేస్తే ఆరు నెలలకు కిలోన్నర. అబద్ధం కాదు, కానీ అంతే. ఇలాంటి ప్రయోగాల్లో చాలావాటికి డబ్బు పెట్టేది ఆ సారం అమ్మే కంపెనీలే అనేదీ గుర్తుంచుకోవాలి. ఇంకో మాట, ఆ పండుకు ఎర్రరంగు ఇచ్చే యాంథోసయనిన్లు చలిరాత్రులకు ఏర్పడతాయి. మన ఎండకు, మన చీనీకి ఆ రంగు రాదు. ఎర్ర నారింజ మీద వచ్చిన ఫలితాన్ని చూపించి పసుపుపచ్చ పండు సారం అమ్మితే అది మోసమే.

ఈ మూడూ కాక నాలుగోదొకటి పేరు చూసి జనం మోసపోయేది ఉంది. "హైడ్రాక్సీ సిట్రిక్ యాసిడ్". సిట్రిక్ అని ఉంది కాబట్టి నిమ్మజాతి అనుకుంటారు. కాదు. అది గార్సీనియా, కేరళవాళ్లు చేపల పులుసులో వేసే కుడంపులి. 1998లో 135 మంది మీద 12 వారాలు చూస్తే ఉత్తుత్తి మాత్రకూ దానికీ తేడా రాలేదు. కాలేయం దెబ్బతిన్న కేసులు మాత్రం తర్వాత చాలా నమోదయ్యాయి. కాలేయానికి ఇబ్బంది ఉన్నవాళ్లు దాని జోలికే పోకూడదు.

మరి మీ ఆడపడుచు 6 కిలోలు ఎట్లా తగ్గింది? ఆమె అబద్ధం చెప్పిందని నేననను. లెక్క వేద్దాం. ఒక కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. 6 కిలోలంటే 46,000 పైన. 90 రోజులకు పంచితే రోజుకు 500 కేలరీల చిల్లర లోటు పడాలి. ఇందాక చెప్పిన సినెఫ్రిన్ ఇచ్చేది 65. మిగిలిన 450 ఎక్కడినుంచి వచ్చాయి? తిండిలోంచే వచ్చి ఉండాలి.

ఆమెను ఒక్క మాట అడగండి: "డబ్బాతోపాటు డైట్ చార్టు ఇచ్చినారా?" నా అనుభవంలో చాలాసార్లు ఇస్తారు. ధర్మవరం నుంచి ఒకామె వచ్చింది, ఇట్లాంటి కోర్సుతోనే 5 కిలోలు తగ్గి, నాలుగు నెలల్లో 6 కిలోలు మళ్లీ ఎక్కి. చార్టు తీసి చూపించింది: రాత్రి అన్నం బంద్, చక్కెర బంద్, నూనె పదార్థాలు బంద్, ముప్పావుగంట నడక, రోజుకు మూడు లీటర్ల నీళ్లు. ఆ చార్టు పాటిస్తే క్యాప్సూల్ బదులు శనగగింజ మింగినా తగ్గుతారు. కానీ ఆమె మనసులో పేరంతా క్యాప్సూల్‌కే పడింది. డబ్బా అయిపోయాక "ఇంక మందు లేదు కదా" అని చార్టు కూడా వదిలేసింది. నాకు ఈ క్యాప్సూల్స్ మీద ఉన్న అసలు కోపం ఇదే. ఆ ఆడమనిషి మూడు నెలలు నోరు కట్టుకుని సాధించిన దాన్ని డబ్బా తన ఖాతాలో రాసుకుంది.

కొనాలనే మనసు ఇంకా లాగుతుంటే లేబుల్ చదవడమైనా నేర్చుకోండి. ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరు ఉంటే అది పనిచేస్తుందని ప్రభుత్వం చెప్పినట్టు కాదు, ఆహారంగా తయారు చేసి అమ్ముకోవడానికి అనుమతి ఉందని మాత్రమే. మన నిబంధనల ప్రకారం హెల్త్ సప్లిమెంట్ల మీద "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" అని రాయాలి, అంటే మందుగా వాడటానికి కాదని. స్థూలకాయం జబ్బు. జబ్బుకు మందు కాదని వాళ్లే డబ్బా మీద రాసి, ఆ జబ్బు పేరుతోనే మనకు అమ్ముతున్నారు. "ప్రొప్రైటరీ బ్లెండ్" అని ఒకే బరువు రాసి, ఏది ఎంతుందో చెప్పనిది ఏదైనా సరే షాపులోనే వదిలేయండి. లేబులే లేని పొట్లాలు, తెలిసినవాళ్ల ద్వారా చేతులు మారే డబ్బాలు ఇంకా ప్రమాదం. సిబుట్రమిన్ అనే ఆకలి చంపే మందును గుండెపోట్లు, పక్షవాతం ముప్పు వల్ల 2010లో అమెరికా, యూరప్ మార్కెట్ల నుంచి తీసేశారు, మన దేశంలో 2011లో నిషేధించారు. ఆ తర్వాత కూడా "నేచురల్" అని అమ్మే బరువు తగ్గే డబ్బాల్లో దాన్ని దొంగతనంగా కలిపినట్టు అమెరికా పరీక్షల్లో పదే పదే దొరికింది. ఒక "పండ్ల సారం" వారానికే ఆకలి పూర్తిగా చంపేసి, నోరు ఎండగట్టి, నిద్ర పట్టనీయకపోతే అది పండు చేసే పని కాదని అనుమానించాలి.

ఇక తొక్కల కషాయం. తోటలో పెరిగినదాన్ని కాబట్టి నేరుగా చెప్తా. చీనీకి మంగునల్లి పడితే కాయ మీద గోధుమరంగు మచ్చ వచ్చి మార్కెట్లో రేటు పడిపోతుంది. అందుకని రైతు మందు కొట్టక తప్పదు. మా నాన్నా కొట్టేవాడు. ఆ మందు ముందుగా పడేది తొక్క మీదే. కాయ తొక్క తీసి తినేది కాబట్టి మనకు అంత ఇబ్బంది లేదు. మీరు తొక్కను ఏరి, ఎండబెట్టి, మరగబెట్టి తాగితే వదిలేయాల్సినదాన్ని కోరి తాగినట్టవుతుంది. కడిగితే కొంత పోతుంది, మొత్తం పోదు. పైగా తొక్క నూనె ఘాటుకు కడుపులో మంట. ఇద్దరు ముగ్గురు ఈ కషాయంతో గ్యాస్ట్రిక్ తెచ్చుకుని వచ్చారు, బరువు తగ్గినవాళ్లు ఒక్కరూ రాలేదు. పొద్దున్నే వేడినీళ్లలో నిమ్మకాయ, తేనె సంగతీ ఇంతే. కొవ్వును కరిగించదు. పెద్ద చెంచా తేనెలో 60 కేలరీలుంటాయి. ఏళ్ల తరబడి తాగితే నిమ్మ పులుపుకు పళ్ల మీది ఎనామిల్ అరుగుతుంది.

రసం గురించి కూడా ఒక హెచ్చరిక. అనంతపురంలో ఏ సెంటర్‌లో నిలబడినా చీనీ రసం బండి కనబడుతుంది. ఒక గ్లాసుకు రెండు మూడు కాయలు పిండుతారు, పిప్పి పారేస్తారు. చక్కెర వేయకపోయినా గ్లాసులో 90 నుంచి 100 కేలరీలు. చెంచా చక్కెరకు ఇంకో 20 చొప్పున కలుపుకోండి. ఒకాయన షుగరు ఉండీ, "లావు తగ్గాలి" అని పొద్దున టిఫిను మానేసి రెండు గ్లాసుల రసం తాగేవాడు. షుగరు 280కి పోయింది, బరువు కొంచెం కూడా కదల్లేదు. అదే ఒక కాయ ఒలుచుకుని తింటే 65, 70 కేలరీలే, నమలడానికి పది నిమిషాలు, కడుపులో పీచు, పెక్టిన్. ఆకలి గంటన్నర వెనక్కి పోతుంది. పండులో బరువుకు పనికొచ్చేది ఏదైనా ఉందంటే ఆ పీచు, ఆ నమలడం. క్యాప్సూల్ చేసేవాడు పారేసేదీ, రసం బండివాడు పారేసేదీ సరిగ్గా అదే.

సరే, మీరేం చేయాలి. మీ బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క, 31 దాటింది. మన దేశస్థులకు 25 దాటితేనే స్థూలకాయం కింద లెక్క, కాబట్టి దీన్ని పట్టించుకోవడం మంచిదే, మీ ఆరాటం న్యాయమైనదే. ముందు డాక్టరుగారిని అడిగి థైరాయిడ్, షుగరు పరీక్ష చేయించండి. నెలసరి సరిగా రాకపోతే ఆ మాటా చెప్పండి. బిడ్డకు పాలిస్తున్నట్టయితే ఏ బరువు తగ్గే మాత్రా వద్దు. 78 నుంచి 60కి పోవాలని ఇప్పుడే పెట్టుకోవద్దు. ఆరు నెలల్లో 74కి వస్తే చాలు, బీపీ అంకెలో తేడా మీకే కనబడుతుంది.

కర్నూలు ఇంట్లో కేలరీలు ఎక్కడ దాక్కుంటాయో నాకు తెలుసు, మా ఇంట్లోనూ అక్కడే దాక్కుంటాయి. శెనక్కాయల నూనెలో, శెనక్కాయల పొడిలో. ఉగ్గాని మీద చల్లే పప్పుల పొడి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు కలిస్తే అది టిఫిను కాదు, పూట భోజనం. శెనక్కాయలు చెడ్డవి కావు, గుప్పెడు తినండి. కానీ పిడికెడు గింజల్లో 140 కేలరీలున్నాయని తెలిసి తినండి. నూనె ఇంట్లో మనిషికి నెలకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాటకుండా చూసుకోండి. నెల మొదట్లో కొలిచి వేరే సీసాలో పోసి పెట్టుకుంటే తప్ప ఇది కుదరదు, నేను అట్లానే చేస్తా. రాగి సంగటి అనగానే ఎంతైనా తినొచ్చనుకుంటారు. అందులోనూ బియ్యం ఉంది, ముద్ద మీ పిడికిలి కంటే పెద్దది కాకూడదు. పక్కన ఆకుకూర పప్పు, కూర ముద్దకు రెండింతలు ఉండాలి. భోజనానికి ముందు పెద్ద గ్లాసు మంచినీళ్లు. సాయంత్రం నాలుగున్నరకు టీతో పాటు తినే బిస్కెట్లు, మిక్చరు మానేసి ఆ చోట ఒక చీనీకాయ. ఆకుకూరతో తినే పూట నిమ్మరసం పిండుకుంటే, లేక వెంటనే చీనీ తింటే, ఆ తిండిలోని ఇనుము బాగా పడుతుంది. రెండు కాన్పులైన మనిషికి అది బరువుకంటే తక్కువ విషయమేమీ కాదు.

ఇవన్నీ ఆరు నెలలు నిజంగా చేసినా కదలకపోతే, మందులు లేవని కాదు. ప్రయోగాల్లో నిలబడ్డ మందులున్నాయి. సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్‌తో ఏడాది పైచిలుకులో సగటున 15 శాతం దాకా తగ్గారు. అవి ఖరీదైనవి, వాటి ఇబ్బందులు వాటికున్నాయి, డాక్టరు చేతి మీదుగా తప్ప వాడకూడదు. కానీ 15 శాతం ఇచ్చేది మందుల చీటీ మీద, పరీక్షలతో దొరుకుతుంటే, 2 శాతం ఇస్తుందో లేదో తెలియని దానికి 4,500 పెట్టడం ఎందుకు? ఆ డబ్బుతో ఇంట్లో వాడుకునే మంచి బీపీ మిషను వస్తుంది. ముందు అది కొనండి.

చివరగా మీ ఆడపడుచు గురించి. ఆమె ఇంకా వాడుతుంటే డబ్బా వెనక చూడమనండి. చేదు నారింజ, సినెఫ్రిన్, గ్వారానా, కెఫీన్ వీటిలో ఏదున్నా ఆపేయడం మంచిది. ఒక్కసారిగా ఆపినా ప్రమాదం లేదు. కెఫీన్ ఉన్నదైతే రెండు మూడు రోజులు తలనొప్పి, నీరసం ఉంటాయి, తగ్గిపోతాయి. ఆపిన వారంలో మూడు రోజులు పొద్దున, సాయంత్రం బీపీ చూసి రాసిపెట్టుకోవాలి. గుండె దడ, ఛాతీ నొప్పి, కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం వీటిలో ఏదున్నా డబ్బా చేత్తో పట్టుకుని అదే రోజు ఆస్పత్రికి పోవాలి. ఏం వాడారో చెప్పడానికి మొహమాటపడి, డబ్బా ఇంట్లో వదిలేసి రావొద్దని నా మాటగా చెప్పండి. డబ్బా చూస్తేనే డాక్టరుకు సగం పని తేలికవుతుంది.